వెనక చూపు

మరిది ఆ సాయంత్రం తడిసి ముద్దయి ఇల్లు చేరాడు. బయట వాన చుక్క లేదు. గుమ్మంలో బూట్లు కూడా విప్పకుండా నిలబడిపోయి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేనివాడిలా గడపకేసి చూస్తున్నాడు. మామూలుగా అయితే వీధి మలుపు తిరక్కముందే అతని గొంతు ఇంట్లోకి వచ్చేస్తుంది. "వదినా, గీతలు గీసేదానివి నువ్వూ, గోడలు తవ్వి చచ్చేది నేనూ!" అని అరుచుకుంటూ వస్తాడు. ఆ వదిన డ్రాఫ్టింగ్ ఆఫీసులో కంప్యూటరు మీద పైపుల బొమ్మలు గీస్తుంది. అతను ఆ బొమ్మలు చూసి పైపులు బిగిస్తాడు. ఆమె భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. అందులో ఇద్దరు పైపుల మీదే బతుకుతున్నారు కాబట్టి తన మోకాళ్లకి కూడా ఒక నూనె పైపు బిగించి పుణ్యం కట్టుకోమని అత్తగారు ఎగతాళి చేస్తూ ఉంటుంది.

"ఏరా, ఎక్కడైనా పైపు పగిలిందా?" అంది అత్తగారు.

"పగిలినా బాగుండేదమ్మా," అని అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు.

ఆమె తువ్వాలు తెచ్చి తల మీద వేసింది. అతను తుడుచుకోలేదు. ఆమే తుడిచింది. అప్పుడు ముక్కలు ముక్కలుగా బయటపడింది సంగతి. కొత్తగా కడుతున్న ఆసుపత్రిలో లాండ్రీ గదికి ఆ రోజే నీళ్లు వదిలారు. అక్కడ పనికి కుదిరిన ఒకావిడ పెద్ద తొట్టిలో చేతులు పెట్టుకుని కుళాయి తిప్పింది. వేడినీళ్లూ చన్నీళ్లూ కలిసి గోరువెచ్చగా రావలసిన చోట మరిగే నీళ్లు మాత్రమే వచ్చాయి. మోచేతుల దాకా చర్మం ఊడిపోయింది. ఆ అరుపుకి మరిది గోడ వెనక సందులోంచి పరిగెత్తుకొచ్చి, వేడినీళ్లు కట్టేసి, ఆవిడని సందులోకి లాక్కెళ్లి, వాల్వు దగ్గర చన్నీళ్ల పైపు జాయింటు విప్పేసి, ఆ ధార కిందే ఆవిడ చేతులు పట్టి ఉంచాడు. ఒంటి మీద తడి అదే.

"చన్నీళ్ల వాల్వు తిరగేసి ఉందట వదినా. నేనే తిరగేసి పెట్టానట. అందుకే చన్నీళ్లు రాలేదట. అందరి ముందూ ఇంజినీరు, కళ్లు నెత్తి మీద పెట్టుకుని పనిచేస్తావా అన్నాడు."

"నీళ్లు వదిలే ముందు ఆయన ఒకసారి తిప్పి చూడాలిగా?" అంది ఆమె.

"చూడాలి. చూడలేదు. ఆయన్ని ఎవరడుగుతారు? నేను మాత్రం బొమ్మలో బాణం ఎటుంటే అటే పెట్టాను. వాల్వు ఒంటి మీద కూడా బాణం పోతపోసి ఉంటుంది కదా, రెంటినీ సరిచూసుకుని మరీ బిగించాను. కుడివైపుకి. నాకు బాగా గుర్తు. ఆ సందులో పైపు ఒక గోడలోంచి వచ్చి ఇంకో గోడలోకి పోతుంది, నీళ్లు ఎట్నుంచి వస్తాయో మనకేం తెలుస్తుంది? పక్కవాళ్లు ఒకసారి అడగరాదూ అన్నారు. మా వదిన గీసిన బొమ్మకి ఇంకొకర్ని అడగడమేంటి అన్నాను."

అతను గొప్పకి అన్న మాట కాదది. అయినా అది విన్నాక తువ్వాలు పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"విచారణ పెడతారట," అన్నాడు మరిది. "తప్పు నాదని తేలితే ఫిట్టరు కార్డు లాగేసుకుంటారు. అది లేకపోతే ఏ సైటు గేటూ దాటనివ్వరు. నాకు ఇంకో పని రాదు వదినా."

"తేలదు," అంది ఆమె. "పొద్దున్నే వెళ్లి బొమ్మ తెరిచి చూస్తాను. నువ్వు ముందు ఆ బట్టలు మార్చుకో."

*

ఆఫీసు తుడిచే ఆవిడ ఇంకా చీపురు పట్టకముందే ఆమె కుర్చీలో కూర్చుని బొమ్మ తెరిచింది. పైనుంచి చూస్తే లాండ్రీ గది, దాని గోడ వెంట ఎడమ నుంచి కుడికి చన్నీళ్ల పైపు. దాని మీద నాన్ రిటర్న్ వాల్వు గుర్తు. నీళ్లని ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వని ఆ వాల్వుని సైట్లలో అందరూ ఎన్నార్వీ అంటారు. గుర్తులో ఉన్న చిన్న బాణం నీళ్లు పోయే వైపే చూపిస్తోంది. బొమ్మ సరిగ్గానే ఉంది. ఆమె సంతోషించలేకపోయింది. బొమ్మ సరిగ్గా ఉందంటే మరిది తప్పు చేశాడన్నమాట.

అప్పుడు తట్టింది. మరిది పనిచేసింది గదిలో కాదు. గోడ వెనక పైపుల సందులో. అతను చూసిన బొమ్మ వెనక చూపు.

ఈ చూపుల గొడవేమిటో కాస్త చెప్పాలి. పైపుల బొమ్మలో ప్రతి వాల్వునీ కొత్తగా గీయరు. ఒక్కోదానికి ఒక గుర్తు తయారుచేసి లైబ్రరీలో పెట్టుకుని, కావలసిన చోటల్లా దాన్నే తెచ్చి వేస్తారు. ఆ గుర్తు పైనుంచి ఎలా కనబడాలి, ముందు నుంచి ఎలా, వెనక నుంచి ఎలా, పక్కల నుంచి ఎలా అని ఒక్కో చూపుకీ ఒక బొమ్మ అప్పజెప్పాలి. "మన దగ్గర ముందుచూపు లేనివాళ్లకి ఉద్యోగం లేదు" అని పెద్దసారు కొత్తగా చేరిన ప్రతివాళ్లతోనూ అని, తన జోకుకి తనే నవ్వుకుంటాడు. మామూలు వాల్వుకైతే ముందూ వెనకా ఒకటే. ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు త్రిభుజాలు, ఎటు నుంచి చూసినా అవే. అందుకని ఒకే బొమ్మ ఇచ్చి ముందు, వెనక అన్న రెండు గడుల్లోనూ టిక్కు కొట్టేస్తే పని అయిపోతుంది. బాణం ఉన్నదానికి అలా కుదరదు. గోడకి ఇవతల నిలబడి చూస్తే కుడికి పోయే నీళ్లు, అవతలికెళ్లి చూస్తే ఎడమకి పోతాయి. బాణం కూడా తిరగాలి.

ఆమె వెనక చూపు తెరిచింది. బాణం కుడికే ఉంది.

ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. కుడికే ఉంది. లైబ్రరీలోకి వెళ్లి గుర్తు విప్పింది. ఒకటే బొమ్మ. ముందు అన్న గడిలో టిక్కు. వెనక అన్న గడిలో టిక్కు. తయారుచేసినవారు అన్నచోట తన పొడి అక్షరాలు.

ఆ గుర్తులు చేసిన రోజు ఆమెకి గుర్తుంది. అంత గుర్తుపెట్టుకోవలసిన రోజేమీ కాదది. గేటు వాల్వు, బాల్ వాల్వు, ఇంకో వాల్వు. ముందు టిక్కు, వెనక టిక్కు, భద్రం చెయ్యి, తర్వాతది తియ్యి. చెయ్యి తన దారిన తను పోతోంది. పక్క సీట్లోవాళ్లు ఎవరి పెళ్లిలోనో పెళ్లికొడుకు నిద్రపోయిన కథ చెబుతున్నారు, ఆమె కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వులో ఎక్కడో ఎన్నార్వీ కూడా మిగతావాటితో పాటే వెళ్లిపోయింది. అంత చిన్న విషయం. దానికి ఒక మనిషి చేతులు ఉడికిపోయాయి.

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆమెకి మరిది గుర్తు రాలేదు. ఇదే గుర్తు ఇంకెన్ని భవనాల గోడల వెనక ఉందో, ఎంతమంది ఫిట్టర్లు ఇప్పుడీ బాణం చూసుకుంటూ పానా తిప్పుతున్నారో అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. నిప్పు తొక్కినవాళ్లు ఆలోచించి కాలు తీయరు. వెనక గడిలో టిక్కు తీసేసింది. బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి ఇంకొకటి చేసి, దాన్ని వెనక చూపుకి అప్పజెప్పింది. లైబ్రరీలో భద్రం చేసింది. ఈ గుర్తు వాడిన బొమ్మలన్నిటినీ మార్చమంటారా అని అడిగింది కంప్యూటరు. మార్చమంది.

తెర మీద బాణం ఎడమకి తిరిగింది. హమ్మయ్య అనుకుని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. మొదటి తప్పు కన్నా ఈ దిద్దుబాటే పెద్ద తప్పని తెలియడానికి ఆమెకి సాయంత్రం దాకా పట్టింది.

*

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మరిది వెనక గదిలో మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. అత్తగారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని అతన్ని చూస్తోంది.

"ఇంజినీరు దగ్గరికెళ్లాను వదినా," అన్నాడు తలెత్తకుండా. "ట్యాబు తెరవండి సార్, అందులోనే ఉంది, ఎవరి కళ్లు ఎక్కడున్నాయో తేలిపోతుంది అన్నాను. పదిమందీ చేరారు. నేనే వేలు పెట్టి చూపించబోయాను."

ఆమెకి అర్థమైంది. అతను చెప్పకముందే అర్థమైంది. సైట్లలో కాగితం బొమ్మలు మానేసి చాలాకాలమైంది. ఇంజినీరు ట్యాబులో నేరుగా ఆఫీసు ఫైలే తెరుచుకుంటుంది. ఇక్కడ గీత కదిలితే అక్కడ కదులుతుంది. పాతదనేది ఎక్కడా మిగలదు. అదే దాని గొప్ప అని అందరూ చెప్పుకుంటారు.

"బాణం ఎడమకి ఉంది వదినా."

"అదీ..."

"అందరూ నా మొహం చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది." కుడిచెయ్యి పైకెత్తి ఆమె ముందు పెట్టాడు. "ఇది కుడే కదా?"

"ఏం మాటలురా అవి!" అంది అత్తగారు. "వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరసమ్మాయ్. భోజనం ముట్టలేదు. నువ్వైనా చెప్పు."

ఆమె చెప్పాలనే నోరు తెరిచింది. నీ చూపు బాగానే ఉంది, తప్పు నాది, పొద్దున నేనే మార్చాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఈ మాట విన్న మరుక్షణం అతను లేచి సైటుకి పరిగెడతాడు. రేపు పొద్దున్నకి ఆఫీసులో ఆమె కుర్చీ ఉండదు. ముందు పెద్దసారుతో మాట్లాడి, ఆయన నోటితోనే గుర్తులో పొరపాటు జరిగిందని చెప్పిస్తే ఇద్దరి పనీ దక్కుతుంది. ఒక్క రాత్రే కదా, రాత్రికి రాత్రి ఏం కొంపలు మునుగుతాయి అని తనకి తాను సర్దిచెప్పుకుంది. మనుషులు పిరికితనానికి ఎంతో మర్యాదైన పేర్లు పెట్టుకుంటారు.

"లే, భోంచెయ్యి," అంది. "అంతా సర్దుకుంటుంది."

అతను బుద్ధిగా లేచాడు. వదిన చెప్పింది కాబట్టి లేచాడు.

*

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. లైబ్రరీ తెరిచి గుర్తు చూశాడు.

"పాత కాపీ ఉందా?"

"లేదు సార్. రోజూ రాత్రి తీసే కాపీ పాతదాని మీదే పడుతుంది. తప్పు బొమ్మ ఉన్నది నిన్న రాత్రితో చెరిగిపోయింది."

"మార్చి మంచిపని చేశావమ్మా," అన్నాడు. "ఇంకెక్కడెక్కడ వేశామో నేనే కూర్చుని ఆ సైట్లన్నిటికీ ఫోన్లు చేయిస్తాను, మామూలు తనిఖీ అని చెప్పి. నువ్వు మాత్రం ఇంకెవరితోనూ అనకు."

"మా మరిది కార్డు పోతుంది సార్."

"ఇంకేదైనా పని చూద్దాంలే."

"వాడికి ఇంకో పని రాదు. మీరొక్క మాట చెబితే చాలు. బొమ్మలో ఇలా ఉండేది, అతను బొమ్మ ప్రకారమే బిగించాడు అని."

పెద్దసారు తెరని ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో బొమ్మ. సరిగ్గా ఉందా లేదా? కళ్ల ముందు సరిగ్గా ఉన్నదాన్ని తప్పని నేనెలా చెప్పేది? చెబితే ఎవరు నమ్మేది? నమ్మారే అనుకో, రేపట్నుంచి ఈ ఆఫీసుకి పని ఎవరిస్తారు? ఇంతమందిమి దీని మీద బతుకుతున్నాం. ఇంటికెళ్లి కాస్త పడుకో తల్లీ. నీ మొహం చూడలేకపోతున్నాను."

ఆమె ఇంటికి వెళ్లలేదు. కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచి, చివరికి లాండ్రీ ఆవిడని చేర్చిన పెద్దాసుపత్రిలో వార్డు దగ్గర తేలింది. వరండాలో బల్ల మీద మరిది కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పళ్ల సంచి. ఎంతసేపటి నుంచో అలాగే ఉన్నట్టున్నాడు. ఆమెని చూసి కంగారుగా లేచి, సంచి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇచ్చెయ్యి వదినా. నేను లోపలికి వెళ్లలేను." అని ఆమె ఏదో అనేలోపే మెట్లు దిగిపోయాడు.

లోపల ఆవిడ రెండు చేతులకీ మోచేతుల పైదాకా కట్లు కట్టి, దిళ్ల మీద పెట్టి ఉంచారు. మొహం మాత్రం మామూలుగానే ఉంది. నిద్రపోయి లేచినట్టు ఉంది.

"ఎవరో ఏమో గానీ, దేవుడు పంపినట్టు వచ్చావు. ముక్కు దురద పెట్టి చంపుతోంది. కాస్త గోకి పెట్టు తల్లీ."

ఆమె వంగి గోకింది. ఇంకాస్త పైన, ఆ, అక్కడే అని చెప్పి గోకించుకుని, ఆవిడ సుఖంగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు విన్నాక ఆమెకి ఇక ఆగలేదు. పైపులు, గోడలు, టిక్కులు, బాణాలు, అన్నీ ఒక తీరూ తెన్నూ లేకుండా చెప్పుకుపోయింది. బొమ్మ గీసింది తనేనని, తప్పు తనదేనని చెప్పింది. ఆవిడకి సగం అర్థమైందో లేదో.

"సరేనమ్మా," అంది చివరికి. "నీదో, ఆ అబ్బాయిదో, ఇంజినీరుదో, మీరు మీరు తేల్చుకోండి. చేతులు మాత్రం నావే కదా." కాసేపు కట్ల వంక చూసుకుంది. "ఆ అబ్బాయిని బయట కూర్చోవద్దని చెప్పు. నిన్నా అలాగే కూర్చున్నాడట. నీళ్ల కింద నా చేతులు పట్టుకుని వాడే ఏడ్చాడు, నేను ఇంకా ఏడుపు మొదలుపెట్టకముందే."

బయటికొచ్చాక ఆమె నిశ్చయించుకుంది. ఉద్యోగం పోతే పోయింది. విచారణలో నిలబడి చెప్పేస్తుంది.

*

విచారణ మర్నాడే, ఆ కడుతున్న ఆసుపత్రిలోనే, ఇంకా సున్నం వాసన పోని ఒక గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, గోడకి పెద్ద తెర. విచారించడానికి వచ్చిన అధికారిణి నెమ్మదస్తురాలు. గొంతు పెంచేది కాదు. ఒకపక్క సైటు ఇంజినీరు, ఇంకోపక్క పెద్దసారు. మరిది, పోయిన తన అన్న చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు. భుజాల దగ్గర అతనికి వదులైంది. తెర మీద వెనక చూపు తెరిచి ఉంది. బాణం ఎడమకి ఉంది.

"బొమ్మ ఇలా ఉండగా వాల్వుని కుడికి ఎందుకు పెట్టారు?" అని అధికారిణి మరిదిని అడిగింది.

"నేను చెబుతాను మేడమ్," అని ఆమె లేచి నిలబడింది.

చెప్పింది. ఆసుపత్రి మంచం పక్కన చెప్పినట్టు కాదు, వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెబుతుండగానే కీబోర్డు తన వైపు లాక్కుని లైబ్రరీ తెరిచి, కొత్త బొమ్మ తీసేసి, పాతదానికి వెనక గడిలో టిక్కు పెట్టి చూపించింది. గోడ మీద బాణం గిరుక్కున కుడికి తిరిగింది. గదిలో అందరూ తలెత్తి చూశారు. మరిది కూడా చూశాడు.

"ఇలా ఉండేది," అంది ఆమె. "అతను చూసింది ఇదే."

అధికారిణి కాసేపు తెర చూసి, ఆమె వైపు తిరిగింది. "ఇలా తప్పు చేయొచ్చని చూపించారమ్మా. చేశారని చూపించలేదు. పాత ఫైలు ఏదైనా ఉందా?"

"లేదు."

"మార్చిన తేదీ అయినా?"

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "లైబ్రరీలో రోజూ ఎవరో ఒకరం ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాం మేడమ్. మార్చినట్టు కంప్యూటరు రాసుకుంటుంది. ఏం మార్చామో రాసుకోదు."

"ఈ విషయం మీకు తెలుసా?"

"నిన్న వచ్చి చెప్పింది," అన్నాడు పెద్దసారు. "ఇంటిమనిషి కదండీ. చాలా బాధలో ఉంది." ఆ మాటల్లో అబద్ధమన్నది ఒక్కటీ లేదు.

"ఈయన మీకేమవుతారు?"

"మరిది."

ఇంజినీరు బల్ల మీదున్న నీళ్ల గ్లాసు జరుపుకున్నాడు. అధికారిణి గొంతు ఇంకా నెమ్మదించింది. "పోనీ మార్చిన రోజు ఎవరితోనైనా అన్నారా? ఆ సాయంత్రం ఇంట్లోనైనా?"

ఆమె మరిది వంక చూసింది. అతను ఆమె వంక చూస్తున్నాడు. అంతమందిలో అతనొక్కడే ఆమె మాట నమ్మాలి. మిగతావాళ్లు నమ్మకపోయినా ఫరవాలేదనిపించింది.

"లేదు," అంది.

మరిది కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. "మేడమ్, మా వదిన మాటలు రాసుకోకండి. నన్ను కాపాడాలని చెబుతోంది. తప్పు నాదే. సందులో ఇరుగ్గా ఉంది, కుడీ ఎడమా తేడా పడింది."

"కాదు! వాడికేం తెలీదు, వాడు..."

"కూర్చో వదినా." ఎప్పుడూ ఆమె మీద గొంతు చేసుకోనివాడు ఆ రోజు చేసుకున్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలి మేడమ్?"

పెట్టాడు. జేబులోంచి ఫిట్టరు కార్డు తీసి, ఎవరూ అడక్కముందే బల్ల మీద పెట్టి, అంచు సరిగ్గా వచ్చేలా వేలితో సర్దాడు. ఆమె చూపించడానికి మార్చినదాన్ని భద్రం చేయకుండానే పెద్దసారు ఫైలు మూసేశాడు.

మెట్ల మీద ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎందుకురా అలా చేశావు?"

"మరి నువ్వెందుకు చేశావు?" అతను నవ్వబోయాడు గానీ కుదరలేదు. "నీ పని కూడా పోతే అమ్మ సంగతేంటి? నా ఒక్కడితో పోయేదానికి ఇద్దరం మునగడం దేనికి?"

"నేను చెప్పింది నిజం. ఒట్టు. బాణం కుడికే ఉండేది. నువ్వు సరిగ్గానే చూశావు, సరిగ్గానే పెట్టావు. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు."

"సరేలే వదినా."

"సరేలే కాదు, నమ్ము!"

అతను ఆగి ఆమె వైపు తిరిగాడు. చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఏమాత్రం నిష్ఠూరం లేకుండా చెప్పాడు. "నిజమే అయితే ఆ సాయంత్రమే చెప్పేదానివి కదా. నన్నలా చూస్తూ ఊరుకుంటావా? నువ్వలాంటిదానివి కాదు."

తన మీద అతనికున్న నమ్మకాన్ని వమ్ము చేస్తే తప్ప తన మాట నమ్మడు. ఆ నమ్మకాన్ని పగలగొట్టే ఓపిక కూడా ఆమెలో అప్పటికి మిగల్లేదు. అతను ముందు నడుస్తున్నాడు. అన్న చొక్కా వెనక నుంచి ఇంకా వదులుగా కనిపిస్తోంది.

*

తర్వాత ఆమె చాలాసార్లు చెప్పింది. భోజనం దగ్గర చెప్పింది, అత్తగారి ఎదురుగా చెప్పింది, ఏడ్చి చెప్పింది. అతను ప్రతిసారీ సరేలే అన్నాడు. అత్తగారు మాత్రం ఒకసారి ఆమెని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ నమ్మిందేమో. నమ్మిన మనిషి మౌనం ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆఫీసుకి రోజూ వెళుతూనే ఉంది. కొత్త గుర్తులు వస్తే చూపులు పెడుతోంది. ఒక్కో టిక్కు దగ్గరా లేచి నిలబడి, తెరకి అటూ ఇటూ తిరిగి, చేతులతో గాల్లో చూపించుకుని మరీ పెడుతోంది. పక్క సీటువాళ్లు ఇప్పుడు ఆమెకి కథలు చెప్పడం మానేశారు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో సింకు కింద పైపు కారుతోంది. అత్తగారు కొడుకుని ఎన్నిసార్లు పిలిచిందో, ఎంత బతిమాలిందో గానీ, అతను చివరికి పానా తీసుకుని సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ దృశ్యం చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అన్ని రోజుల్లో అతని చేతిలో పానా చూడటం అదే మొదలు. పక్కనే నేల మీద కూర్చుని, సంచి ఒడిలో పెట్టుకుంది.

జాయింటు దగ్గర నీళ్లు బొట్టు బొట్టుగా అతని మణికట్టు మీద పడుతున్నాయి. నట్టుకి పానా తగిలించాడు. కాస్త అటు తిప్పబోయి ఆగాడు. ఇటు తిప్పబోయి ఆగాడు. పానా తీసి, అరచెయ్యి చొక్కాకి తుడుచుకుని, మళ్లీ తగిలించాడు.

"వదినా," అన్నాడు. "ఇది బిగించడానికి ఎటు తిప్పాలి?"

ఆటపట్టిస్తున్నాడేమోనని ఆమె వంగి అతని మొహంలోకి చూసింది. అతను నవ్వడం లేదు. పానా రెండు చేతులతో పట్టుకుని, ఆమె చెప్పేదాకా కదలకుండా ఎదురుచూస్తున్నాడు.